పెన్ టాబ్లెట్ కొనే ముందు ఒక ఏ4 కాగితం మడవండి

ఫొటోలు దిద్దేవారు, పెళ్లి ఆల్బమ్‌లు కూర్చేవారు, బొమ్మలు వేసేవారు రోజంతా మౌస్ పట్టుకుంటే ముందుగా మొరపెట్టేది మణికట్టే. మౌస్ మీద చేయి ఉన్నంతసేపూ అరచేయి పూర్తిగా కిందికి తిరిగి ఉంటుంది. అందుకోసం ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదానిమీదుగా మరొకటి మెలిపడతాయి, మణికట్టు చిటికెనవేలి వైపు ఒరుగుతుంది, కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు కూడా ఉంటే భుజం మరింత పక్కకు జరగవలసివస్తుంది. పెన్ టాబ్లెట్ అంటే కంప్యూటర్‌కు తగిలించే పలక; దానిమీద కలంతో గీస్తే గీత తెరమీద పడుతుంది. ఆ కలం పట్టిన చేయి చిటికెనవేలి అంచు మీద ఆనుతుంది కనుక ముంజేయి సగమే తిరుగుతుంది. అలాగని టాబ్లెట్ మందేమీ కాదు. కలాన్ని బిగించి పట్టే అలవాటున్నవారికి నొప్పి బొటనవేలి మొదలుకు మారుతుంది, అంతే. రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కుతుంటే ముందు వైద్యుణ్ణి కలవాలి, టాబ్లెట్ సంగతి తరువాత.

ఎంపికలో నేను మొదట చూసేది గీసే భాగం కొలత. పలక మొత్తం కొలత కాదు. వాకామ్ సంస్థ చిన్న టాబ్లెట్లలో ఆ భాగం 152×95 మిల్లీమీటర్లు, అదే సంస్థ ఇంట్యుయోస్ మోడల్ మధ్యరకంలో 216×135. ఏ4 కాగితాన్ని ఒకసారి మడిస్తే దాదాపు మధ్యరకం, రెండుసార్లు మడిస్తే దాదాపు చిన్నది. ఆ మడతను బల్లమీద పెట్టి, మణికట్టు వంచకుండా మోచేతితో పెన్సిల్ సున్నాలు చుట్టి చూడండి. డబ్బు మిగులుతుందని నేను మొదట చిన్నదే కొని 27 అంగుళాల మానిటర్‌కు తగిలించాను. ఆ తెర వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. పలకమీద ఒక సెంటీమీటరు జరిపితే తెరమీద నాలుగు జరిగేది, కనురెప్ప గీయబోతే గీత కనుబొమను దాటేది. దాన్ని అదుపులో పెట్టడానికి మణికట్టు బిగబట్టవలసి వచ్చి, మౌస్‌నాటి బాధే తిరిగివచ్చింది. 15 అంగుళాల ల్యాప్‌టాప్‌కైతే చిన్నది సరిపోతుంది.

పెట్టెమీద 2048, 4096, 8192 అని రాసి ఉండే ఒత్తిడి స్థాయిల గురించి, అంటే కలం నొక్కుడులో ఎన్ని తేడాలు పలక గుర్తిస్తుందన్న లెక్క గురించి, ఎక్కువ ఆలోచించనక్కరలేదు. 4096కూ 8192కూ తేడా నా చేతికి తెలియలేదు. కలం తన బరువుతోనే ఆనితే గీత మొదలవుతుందా, లేక నొక్కాలా అన్నది తెలుస్తుంది. విశాఖ ద్వారకానగర్‌లో ఏ దుకాణానికి వెళ్లినా ప్రదర్శనకు ఉంచినది ఉందేమో అడిగి, స్కేలు ఆనించి ఒక ఏటవాలు గీతను చాలా నెమ్మదిగా లాగండి. అది వణికితే మరొకటి చూడండి. కలంలో బ్యాటరీ అవసరం లేనిదే తీసుకోవడం మేలు. పలక లోపలి తీగచుట్లే కలానికి శక్తినిస్తాయి కనుక కలం తేలికగా ఉంటుంది. హుయాన్, ఎక్స్‌పీ-పెన్ సంస్థలవారివీ ఇలాంటివి దొరుకుతున్నాయి.

తెర ఉన్న టాబ్లెట్ చూడముచ్చటగా ఉంటుంది గాని, స్టాండు లేకపోతే మెడ వంచి పనిచేయవలసివస్తుంది. మణికట్టు కోసం కొని మెడ నొప్పి తెచ్చుకోవడం ఎందుకు? తెర లేనిదానిలో చూపు ఎదురుగానే ఉంటుంది; చేయి ఒకచోట, గీత మరోచోట అన్న తికమక మాత్రం మొదటి రోజుల్లో తప్పదు. ఫోల్డర్లు తెరవడం వంటి చిన్న పనులకు కూడా కలమే వాడితే ఆ తికమక త్వరగా పోతుంది.

ఇంటికి తెచ్చాక పలకను మౌస్ ఉన్నచోట పెట్టవద్దు. సరిగ్గా ఛాతీ ఎదురుగా ఉంచి, కీబోర్డును ఎడమవైపుకు జరపాలి. ఎడమచేతివాటం వారు పలకను తిప్పి పెట్టి, డ్రైవర్‌లో (టాబ్లెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆ మేరకు మార్చుకోవచ్చు. పలక, తెరల పొడవు వెడల్పుల నిష్పత్తులు కలిసేలా చేసే ఎంపిక కూడా డ్రైవర్‌లోనే ఉంటుంది. అది మరిస్తే గుండ్రంగా గీసిన సున్నా తెరమీద కోలగా కనిపిస్తుంది. విశాఖ ఉక్కపోతలో అరచేయి పలకకు అంటుకుపోతుంది. చివరి రెండు వేళ్లను కప్పే తొడుగు వేసుకోవచ్చు, లేదా చేతికింద పలుచని నూలుగుడ్డ పరచినా చేయి జారుతుంది. నిబ్బు ఒకవైపు అరిగి ఉలిలా పదునెక్కితే వెంటనే మార్చండి, లేకపోతే పలకమీద గీతలు పడతాయి.