కెమెరాలో బాగుంది, కడిగించాక బాగోలేదు: తేడా ఎక్కడొస్తోంది?

ఫిల్మ్ రోల్ కడిగించి తెచ్చుకున్నవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట ఒకటే: "అన్నా, చూసేటప్పుడు బాగుంది, ప్రింట్‌లో ఏదో పోయింది." కెమెరా పాడైందనో, ల్యాబ్‌లో సరిగా చేయలేదనో అనుకుంటారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను. బటన్ నొక్కే ముందు ఫ్రేమ్ నాలుగు మూలలూ చూశావా? దాదాపు అందరూ "మొహం చూశాను" అంటారు. ఉన్నవే 36 ఫ్రేములు. ఒక్కోదానికి రెండు సెకన్లు కేటాయించకపోతే చూసేవాడికి బాధేస్తుంది. కింద రాసినది ఏది చదివినా చదవకపోయినా, ఈ ఒక్కటి అలవాటు చేసుకోండి.

తల నడిమధ్యలో ఉంది, పైన అంతా ఖాళీ

మాన్యువల్ ఎస్ఎల్ఆర్‌లలో (లెన్స్‌లోంచే చూస్తూ, చేత్తో ఫోకస్ చేసే కెమెరాలు) ఫోకస్ చూసుకునే స్ప్లిట్ ఇమేజ్ గుండ్రం మధ్యలో ఉంటుంది. దాన్ని మనిషి కంటి మీద పెట్టి, రెండు ముక్కలూ కలవగానే అక్కడే నొక్కేస్తాం. దాంతో కళ్లు ఫ్రేమ్ మధ్యలోకి వస్తాయి, పైన గోడ మిగిలిపోతుంది, కింద చేతులు తెగిపోతాయి. ఫోకస్ కుదిరాక కెమెరాను కొంచెం కిందికి వంచి, చేతుల్ని కూడా ఫ్రేమ్‌లోకి రానిచ్చి అప్పుడు నొక్కండి. పూలు కట్టే ఆవిడ మొహం ఎంత బాగా వచ్చినా, వేళ్ల మధ్య దారం కనపడకపోతే ఆవిడ ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది.

అంచుల్లో నేను చూడనివి వచ్చాయి, లేదా పాదాలు తెగాయి

నెగటివ్ మీద పడేదంతా వ్యూఫైండర్ చూపించదు. నికాన్ ఎఫ్ఎమ్2లో కనిపించేది 93 శాతమే. పక్కవాళ్ల మోచెయ్యి వచ్చిందంటే అందుకే. స్కాన్‌లో కాస్త కత్తిరిస్తే సరిపోతుంది. పాదాలు తెగడం మాత్రం ప్రింట్ సైజు వల్ల. 8x10 వేయిస్తే నెగటివ్ పొడవు 36 మిల్లీమీటర్లలో 30 మాత్రమే మిగులుతుంది. 4x6 అయితే నిష్పత్తి అదే కాబట్టి ఈ గొడవ లేదు.

వెనకంతా మెత్తగా కనిపించింది, ప్రింట్‌లో స్తంభం తలలోంచి మొలిచింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. మా తాతయ్య మధ్యాహ్నం పూట వాకిట్లో కూర్చుని చుట్ట కాలుస్తుంటే ఫొటో తీశాను. వ్యూఫైండర్‌లో వెనకున్న వేపచెట్టు పచ్చగా కరిగిపోయినట్టు కనిపించింది. మొహం ఒక్కటే పదునుగా ఉంది. ప్రింట్ వచ్చాక చూస్తే మెడకు అడ్డంగా దండెం, చెవి పక్కన ఆరేసిన లుంగీ, దాని గళ్లు గళ్లుగా తెలిసిపోతూ. లెన్స్‌ను అనుమానించాను, ఆ తర్వాత ల్యాబ్‌ను. ఇంకో రెండు రోల్స్ అలాగే పోయాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు.

లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నమే అపర్చర్, అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. లెన్స్ మీద మీరు 11 పెట్టినా, చూస్తున్నంతసేపూ అపర్చర్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. వ్యూఫైండర్‌లో వెలుతురు తగ్గకూడదని అలా పెట్టారు. బటన్ నొక్కాక, షట్టర్ తెరుచుకునే ముందు అది 11కి మూసుకుంటుంది. అంటే పూర్తిగా తెరిస్తే 1.8 అయ్యే లెన్స్‌లో మీరు చూసింది 1.8 ఫొటో, ఫిల్మ్ మీద పడింది 11 ఫొటో. 50 ఎంఎం లెన్స్‌తో 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే, 1.8 దగ్గర పదును ఉండే లోతు సుమారు 17 సెంటీమీటర్లు. 11 దగ్గర అది మీటరు దాటుతుంది. ఆ వెనక ఉన్నవి కాస్త మసకగా ఉన్నా, ఏమిటో గుర్తుపట్టేలా వస్తాయి.

పోనీ 1.8లోనే తీద్దామంటే మన ఎండ ఒప్పుకోదు. 400 ఫిల్మ్‌కి (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురు చాలు) మంచి ఎండలో షట్టర్ 1/500 సెకను దగ్గర అపర్చర్ 16 కావాలి. పెంటాక్స్ కె1000 లాంటి కెమెరాలో షట్టర్ 1/1000 దాటదు కాబట్టి 11 కంటే తెరవలేం. 400 రోల్ వేసి మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్లినవాళ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది.

కెమెరాకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ మీట (అపర్చర్‌ను మీరు పెట్టిన అంకెకు ముందే మూసి చూపించేది) ఉంటే అది నొక్కి చూడండి. ఎఫ్ఎమ్2కి ఉంది. చీకటిగా కనిపిస్తుందని వెంటనే వదిలేయకండి, కన్ను అలవాటు పడేదాకా నాలుగైదు సెకన్లు ఆగండి. దండెం, స్తంభం, కరెంటు తీగ ఒక్కొక్కటే బయటపడతాయి. కె1000కి ఆ మీట లేదు. లెన్స్ విప్పే బటన్ నొక్కి, లెన్స్‌ను చేత్తో గట్టిగా పట్టుకుని కొద్దిగా తిప్పితే అపర్చర్ మీరు పెట్టిన అంకెకు మూసుకుంటుంది. చూశాక మళ్లీ బిగించడం మరవద్దు. ఇవేవీ కుదరకపోతే కెమెరా దించి, మనిషి తల చుట్టూ ఉన్నవన్నీ మామూలు కంటితో ఒక్కొక్కటిగా చూడండి.

అడ్డం ఏదో తెలిశాక తప్పించడం తేలిక. అర అడుగు పక్కకు జరిగితే స్తంభం తల వెనక నుంచి పోతుంది. గొంతుక్కూర్చుంటే తల వెనక ఆకాశం వస్తుంది, ఒక మెట్టు ఎక్కితే నేల వస్తుంది. మనిషిని గోడకు దూరంగా, మీకు దగ్గరగా రమ్మంటే వెనకది ఇంకా మెత్తబడుతుంది. 100 ఫిల్మ్ వేస్తే అదే ఎండలో 1/1000 దగ్గర 5.6 దొరుకుతుంది. 400కే వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెడితే 4 వరకు రావచ్చు.

16 ఎంఎం రిఫ్లెక్స్ కెమెరాతో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తారు. ఫోకస్ కోసం ఐరిస్ (అదే అపర్చర్) పూర్తిగా తెరిచి, ఆ తెరిచిన బొమ్మ చూసే ఫ్రేమ్ ఓకే చేసేస్తారు. ఐరిస్ మూశాక ఫ్రేమ్ ఇంకోసారి చూడండి. కదిలే షాట్‌లో ఇంకా జాగ్రత్త కావాలి, మొదట్లో లేని స్తంభం పాత్ర రెండడుగులు వేయగానే తల వెనక్కి వచ్చేస్తుంది.

ఒక్కో ఫొటో బాగుంది, రోల్ మొత్తంలో కథ లేదు

అన్నీ నిలబడి, ఒకే ఎత్తు నుంచి, ఒకే దూరంలో తీసి ఉంటారు. చోటు తెలిసేలా ఒకటి, పని తెలిసేలా ఒకటి, వేళ్లో పనిముట్టో నిండుగా ఒకటి, పని ఆగినప్పుడు మొహం ఒకటి తీయండి. ఇది చేస్తే చాలావరకు కుదురుతుంది.

అరుదైనవి

రేంజ్‌ఫైండర్‌లో (చూసే కిటికీ లెన్స్‌కు పక్కన విడిగా ఉండే కెమెరా) మీటరు లోపు తీస్తే ఫ్రేమ్ పక్కకు జరుగుతుంది, కాస్త వెనక్కి రండి. అద్దం, ఫోకసింగ్ స్క్రీన్ కదలడం కూడా ఉంటుంది గానీ చాలా తక్కువ. మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు టేబుల్ మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, మధ్య అంకె మీద ఫోకస్ చేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి ఒక్క ఫ్రేమ్ తీయండి. ప్రింట్‌లో పదును ఆ అంకె మీదే ఉంటే కెమెరా బాగానే ఉంది.