పాత మిలటరీ రైఫిల్‌ని మళ్లీ అసలు రూపానికి తెచ్చే ముందు

వేట కోసం కోసి మార్చేసిన రైఫిల్‌కి పాత కర్ర భాగాలు ఆర్డర్ పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• ముందు బ్యారెల్ పొడవు కొలవండి. ఖర్చంతా వృథా అయ్యేది ఇక్కడే. ఖాళీ రైఫిల్‌లో బోల్ట్ (తూటా గదిని వెనక నుంచి మూసే లోహపు కడ్డీ) మూసి, మూతిలోంచి సన్నటి కర్ర పుల్ల బోల్ట్‌కి తగిలేదాకా దింపి, గుర్తు పెట్టి కొలవండి. బ్రిటిష్ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4కి సుమారు 25.2 అంగుళాలు, అమెరికన్ రైఫిల్ 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్‌కి 24 రావాలి. తగ్గితే బ్యారెల్ కోసేసినట్టే. అలాంటిదాన్ని నేనైతే వదిలేస్తాను.

• రిసీవర్ (బ్యారెల్ బిగించి, బోల్ట్ కదిలే లోహపు భాగం) మీద స్కోప్ కోసం వేసిన రంధ్రాలు ఉన్నాయా? పూడ్చినా జాడ పోదు, కలెక్టర్లు ఇచ్చే ధర తగ్గుతుంది. కర్ర మాత్రమే కోసి, లోహం ముట్టుకోకుండా ఉంటే నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు.

• స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో తయారైన 1903 మోడల్ అయితే సీరియల్ నంబర్ చూడండి. 8,00,000 లోపు వాటిలో కొన్ని రిసీవర్లు పెళుసుగా ఉండి పగిలిపోయాయి. గోడకి అలంకారంగా సరే, కాల్చడానికి వద్దు.

• మార్చింది ఎవరు? గ్రిఫిన్ అండ్ హౌ (పేరున్న అమెరికన్ తుపాకుల తయారీ సంస్థ) లాంటి సంస్థ పని అయితే దాన్ని విప్పకండి, అదే విలువైన వస్తువు.

• బోల్ట్ మారిందనిపిస్తే గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ, గదిలో తూటా ఆగే చోటికీ మధ్య దూరం) చూపించాకే కాల్చండి.

• పాలిష్, బ్లూయింగ్ (లోహానికి తుప్పు పట్టకుండా పెట్టే నీలి నలుపు పూత) జోలికి ఇప్పుడే పోవద్దు. ముద్రలు అరిగిపోతే తిరిగి రావు.