సరిహద్దు పెళ్లిలో చివరి నిమిషం తలనొప్పులు: ఎందుకొస్తాయి, ఎలా ఆపాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగువాళ్ల పెళ్లంటే సగం మంది చుట్టాలు శ్రీకాకుళం, విశాఖ నుంచి రావాలి. మిగతా సగం ఊళ్లోని ఒడియా స్నేహితులు, ఇరుగుపొరుగు. బంగారం, చీరలు, వంటల గురించి నెలల తరబడి మాట్లాడుకుంటాం కాబట్టి వాటితో పెద్దగా గొడవ రాదు. "వాళ్లకి తెలిసే ఉంటుందిలే" అని వదిలేసిన చోటే వస్తుంది. మా ఇంట్లో నాలుగు పెళ్లిళ్లకి పెత్తనం చేశాను. ఎక్కువగా తగిలినవి ఇవి.

సమస్య: చుట్టాలు ఒక రోజు ఆలస్యంగా దిగారు, లేదా మండపం బుకింగ్ గడువు ముహూర్తానికి ముందే అయిపోయింది

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. రాత్రి 1.40కి ముహూర్తం ఉంటే సిద్ధాంతిగారికి అది బుధవారం రాత్రి. రైలు టికెట్‌కి, మండపం రసీదుకి మాత్రం గురువారం. మా అప్ప కూతురి పెళ్లి శుభలేఖలో "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం" అని పద్ధతిగానే రాయించాం. పక్కన అంకెల్లో మాత్రం గురువారం తేదీ ఒక్కటే పడింది. హైదరాబాద్‌లో ఉన్న మా మావయ్య ఆ అంకె చూసి టికెట్ తీసుకున్నారు. ఆయన దిగేసరికి అప్పగింతలు కూడా అయిపోయాయి. ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఆ మాట ఎత్తుతారు.

పరిష్కారం: శుభలేఖలో ముహూర్తం కంటే పెద్ద అక్షరాల్లో "బుధవారం రాత్రి 8 గంటలకు భోజనాలు" అని తేదీతో సహా వేయించండి. జనం భోజనాల వేళ చూసుకునే బయల్దేరతారు, ఇందులో దాపరికం ఏముంది! మండపం రసీదు మీద "ఒక రోజు" అని కాకుండా ఏ తేదీ ఎన్ని గంటల నుంచి ఏ తేదీ ఎన్ని గంటల వరకో రాయించుకోండి. అర్ధరాత్రి ముహూర్తానికి ఇంకో తిరకాసు ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకులు, వాయిద్యాలు కుదరవు. పందిరి ఆరుబయట వేస్తే మేళం సంగతి ముందే తేల్చుకోవాలి. తలుపులు మూసుకునే హాలు అయితే ఆ బెంగ తక్కువ.

సమస్య: మాసం పేరు దగ్గర ఒడియా వియ్యాలవారితో పేచీ

మన నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంజిలో, అంటే వాళ్ల పంచాంగంలో, పౌర్ణమితో. అందుకే మన మాఘ బహుళం వాళ్లకి ఫాల్గుణ కృష్ణపక్షం. తిథి ఒకటే, పేరే వేరు. ఇద్దరు పురోహితులు ఉంటే ఇంగ్లీషు తేదీ, తిథి, గంట మాత్రమే కాగితం మీద పెట్టి ఇద్దరికీ ఇవ్వండి.

అసలు దెబ్బ వంటల దగ్గర తగులుతుంది. ఒడియావాళ్ల కార్తీకం మన ఆశ్వయుజ పౌర్ణమి మర్నాడే మొదలై కార్తీక పౌర్ణమితో అయిపోతుంది. నెలంతా నీచు ముట్టనివాళ్లు పౌర్ణమి దాటగానే "ఛడఖాయి" అని చేపా మాంసం మొదలుపెడతారు. మనకి అప్పటికి ఇంకా పదిహేను రోజుల కార్తీకం మిగిలే ఉంటుంది. ఆ పదిహేను రోజుల్లో రిసెప్షన్ పెట్టుకుంటే వాళ్లు మాంసం ఎదురు చూస్తారు, మన పెద్దవాళ్లు ఉల్లిపాయ కూడా వద్దంటారు. వాళ్ల మార్గశిరం కూడా మనకంటే ముందే వస్తుంది, ఆ నెల లక్ష్మివారాల్లో వాళ్లిళ్లలో లక్ష్మీపూజ. ఆ రోజు పడితే మొత్తం శాకాహారం పెట్టడమే మేలు. వేరే రోజైతే రెండు వంటశాలలు, రెండు వడ్డన బల్లలు, గరిటెలు కూడా వేరు. వంటమేస్త్రీకి ఈ మాట అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.

సమస్య: పెళ్లివారి బస్సు చెక్‌పోస్ట్ దగ్గర ఆగిపోయింది

ఇచ్ఛాపురం దాటి గిరిసోల దగ్గరో, పాతపట్నం దాటి పర్లాకిమిడి దారిలోనో ఇది జరుగుతుంది. ఆంధ్రాలో తిరగడానికి మాత్రమే పర్మిట్ ఉన్న బస్సు ఒడిశాలోకి రావాలంటే స్పెషల్ పర్మిట్ కావాలి. "పాతపట్నం నుంచి ఎంత దూరం, పక్క వీధే కదా" అని యజమాని అనేస్తాడు. ఆ మాట నమ్మకండి. పర్మిట్ నకలు వారం ముందే ఫోన్‌లోకి తెప్పించుకోండి, ప్రయాణికుల పేర్ల జాబితా డ్రైవర్ దగ్గర ఉంచండి. తెలిసినవాళ్లదని స్కూల్ బస్సు అసలు మాట్లాడొద్దు.

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడైతే డబ్బు సంగతి కూడా చూసుకోవాలి. రూ. 50,000 దాటిన నగదుకి లెక్క చూపించాలి. 2024 మే 13న ఆంధ్రాలోనూ బరంపురం వైపూ ఒకే రోజు పోలింగ్. అలాంటప్పుడు శుభలేఖ, బ్యాంకు రసీదు, నగల బిల్లులు ఒకే కవర్లో పెట్టుకుని ప్రయాణం చేయండి.

సమస్య: "బరంపురం" టికెట్ తీసుకున్నారు, బెంగాల్‌కి

నవ్వొస్తుంది గానీ నిజంగా జరిగే పొరపాటే. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఒక బరంపురం ఉంది. మన స్టేషన్ పేరు రైల్వేలో బ్రహ్మపూర్, కోడ్ బీఏఎం. శుభలేఖ మీద ఆ పేరు, కోడ్ వేయించండి. 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది కాబట్టి, అచ్చు పత్రిక కోసం ఆగకుండా తేదీ ఖాయమైన రోజే ఫోన్ చేసి చెప్పేయండి.

ఇంకో మాట. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ ఒడియా, ఇంగ్లీషు బడుల్లో చదివి తెలుగు చదవలేరు. తెలుగు పత్రిక వెనకాల ఒడియాలో తేదీ, చోటు వేయిస్తే అయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

సమస్య: పెళ్లయిన ఆరు నెలలకి పాస్‌పోర్ట్ ఆగింది

పెళ్లిళ్లన్నీ రిజిస్టర్ చేయించాలని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ఆ కాగితంలో పేర్లు మిగతా కాగితాలతో కలవకపోతేనే పాస్‌పోర్ట్ దగ్గర చిక్కు వస్తుంది. ఆంధ్రా కాగితాల్లో ఇంటిపేరు ముందు, ఒడిశా కాగితాల్లో వెనక. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం. పైగా శుభలేఖలో "చి.ల.సౌ." తర్వాత ముద్దుపేరు. రిజిస్ట్రేషన్‌కి శుభలేఖ కూడా అడుగుతారు కాబట్టి వధూవరుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, అదే స్పెల్లింగ్‌తో అచ్చు వేయించండి. ఆధార్‌లో ఒకలా, మిగతా కాగితాల్లో ఇంకోలా ఉంటే పెళ్లికి ముందే సరిచేయించుకోవాలి. అలాగే ఇద్దరూ పీటల మీద ఉన్న ఫొటో ఒకటి, ముఖాలకి తలంబ్రాలు అడ్డం రాకుండా తీయమని ఫొటోగ్రాఫర్‌కి చెప్పండి. మా వాళ్ల ఆల్బమ్‌లో అలాంటిది వెతకడానికే ఒక పూట పట్టింది.