రాళ్లలో నత్తలు – 3వ పాఠం: నోరు ఎటువైపు?

కిందటిసారి మట్టి జల్లించి గుల్లలు ఏరుకున్నాం. ఈసారి ఒక్క గుల్ల చాలు.

మొనను పైకి పెట్టి, నోటిని మీ వైపు తిప్పుకోండి. నోరు కుడివైపు ఉంటే కుడి చుట్టు, ఎడమవైపు ఉంటే ఎడమ చుట్టు. వరిచేలో దొరికే పెద్ద నత్తగుల్లతోనూ, అక్వేరియం అద్దం మీద పాకే చిట్టి ఫైసాతోనూ సాధన చేయండి. మొదటిది కుడి, రెండోది ఎడమ. పూజగదిలో అపురూపంగా దాచుకునే దక్షిణావర్త శంఖం కూడా ఈ లెక్కలో ఎడమ చుట్టే! దాన్ని మొన కిందికి ఉంచి చూడటం మన అలవాటు. తలకిందులు చేస్తే నోరు పక్క మారుతుంది.

ఇక రాయి దగ్గరికి వెళ్దాం. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌లో లావా దఫదఫాలుగా పారింది. నడుమ దొరికిన విరామాల్లో పేరుకున్న పలుచని పొరల్లో నత్తలు మిగిలాయి. నాగపూర్ దగ్గర దొరికే ఫైసా ప్రిన్సెపీ ఎడమ చుట్టుది, నేటి ఫైసాల కన్నా చాలా పెద్దది. ఇది గాలి పీల్చే మంచినీటి నత్తల వంశం. అంటే చల్లారిన లావా మీద నీరు నిలిచి మడుగు కట్టింది, నత్తలు పాకాయి, ఆపైన మళ్లీ లావా కప్పేసింది.

గోదావరికి పడమట దుద్దుకూరులో లావాకు అడుగున ఉన్న సున్నపురాయిలో మరమేకులా పొడవైన టరిటెల్లా కనిపిస్తుంది. అది సముద్రజీవి. లావా రాకముందు అక్కడ సముద్రం ఉండేదన్నమాట.

ఎడమ చుట్టు కనిపించగానే మంచినీరని రాసేయకండి. చుట్టు జాతిని పట్టిస్తుంది, నీటి సంగతి చెప్పేది జాతి. అంచులు అరిగిన గుల్ల ఎక్కడినుంచో కొట్టుకొచ్చి ఉండవచ్చు. నోటి పెదవి చెక్కుచెదరనిదైతే అక్కడిదేనని కొంత ధైర్యంగా అనవచ్చు.

ఇంకో మోసం ఉంది, నేను బోల్తా పడింది దీని దగ్గరే. గుల్ల కరిగిపోయి రాతిలో గుంట మాత్రమే మిగిలితే, అది అద్దంలో బొమ్మలాంటిది: కుడి ఎడమై కనిపిస్తుంది. చపాతీ పిండి ముద్దను గుంటలో మెల్లగా ఒత్తి తీయండి. ముద్ద మీద పడిన అచ్చునే చదవాలి, గుంటను కాదు.

వచ్చే పాఠానికి పది గుల్లల చుట్టు, పెదవి పరిస్థితి నోటుపుస్తకంలో రాసి ఉంచండి. గుల్లలోని ఆక్సిజన్‌తో వానల సంగతి ఎలా రాబట్టాలో అప్పుడు చూద్దాం.