ఎండలు ముదరక ముందే: తిరుపతి ఇళ్లలో చిన్న రీఫ్ ట్యాంకు నీటికి తీసుకోవలసిన జాగ్రత్తలు

శివరాత్రితో చలి వెళ్లిపోయిన తరువాత ఉగాది వచ్చేదాకా దొరికే ఆ నెల రోజుల వ్యవధి, ఇంట్లో పగడాలతో చిన్న ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవారికి ఎంతో విలువైనది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, ఆ ఎండలు వచ్చాక చేయాలనుకునే సర్దుబాట్లు సగం పనికిరావు. 300 లీటర్ల ట్యాంకు ఒక తప్పును వారం రోజులు ఓర్చుకుంటుంది గాని, 60 లీటర్ల ట్యాంకు ఒక్క మధ్యాహ్నం కూడా ఓర్చుకోదు. అందువల్ల ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 60 లీటర్ల నీటికి చెబుతున్నాను. మీ ట్యాంకు 30 లీటర్లదైతే మోతాదులు సగం, 120 లీటర్లదైతే రెట్టింపు చేసుకోవచ్చు.

వేసవిలో పగడాలు చనిపోతే అందరూ వేడినే నిందిస్తారు. వేడి ప్రమాదమే, కాదనను. అయితే చిన్న ట్యాంకుల్లో వేడి కన్నా ముందుగా దెబ్బతీసేది నీరు ఆవిరి కావడం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పంతా ట్యాంకులోనే ఉండిపోతుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 పీపీటీ, అంటే కిలో నీటిలో 35 గ్రాములు ఉంటుంది. ట్యాంకు మీద ఫ్యాను తిరుగుతున్నప్పుడు రోజుకు లీటరున్నర చొప్పున మూడు రోజులు నీరు తగ్గిందనుకుంటే, 60 లీటర్లు 55.5 లీటర్లవుతాయి, ఉప్పు దాదాపు 37.8 పీపీటీకి చేరుతుంది. దానితో పాటు ఆల్కలినిటీ, అంటే డీకేహెచ్ అనే కొలమానంలో చెప్పే నీటి క్షారగుణం, 8 నుంచి 8.6కు, 420 పీపీఎం (పది లక్షల పాళ్లలో 420 పాళ్లు) ఉన్న కాల్షియం 450 దాటి కనిపిస్తాయి. ఈ అంకెలు చూసి పగడాలు కాల్షియం తీసుకోవడం మానేశాయని భ్రమపడి, వాటి కోసం రోజూ వేస్తున్న కాల్షియం, ఆల్కలినిటీ మోతాదు ఆపేసేవారు ఉన్నారు. కనుక వేసవి మొత్తానికీ ఒక వరుస పెట్టుకోవాలి: ముందు ఉప్పు కొలవాలి, అది 35కు వచ్చాకనే మిగిలిన పరీక్షలు చేయాలి. ఉప్పు సరిగా లేనప్పుడు చేసిన ఏ పరీక్షను నమ్మి కూడా ట్యాంకులో ఏదీ పోయకూడదు.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును ఇప్పుడే సరిచూసుకోవాలి. మామూలు శుద్ధజలంతో సున్నా దగ్గర సరిచేసిన పరికరం 35 దగ్గర ఒకటి రెండు అంకెలు తప్పు చూపవచ్చు కాబట్టి, 35 పీపీటీ ప్రమాణ ద్రావణం ఒక సీసా కొని దానితోనే సరిచేయాలి. ముల్లు తేలే ప్లాస్టిక్ హైడ్రోమీటరు మీద ఆధారపడవద్దని నా గట్టి సలహా, దాని ముల్లుకు ఒక చిన్న గాలి బుడగ అంటుకున్నా కొలత మారిపోతుంది. ఉప్పు అప్పటికే పెరిగిపోయి ఉంటే, ఒక్కసారిగా మంచినీరు గుమ్మరించకుండా రోజుకు ఒక పీపీటీకి మించకుండా దించాలి.

ఆవిరైన నీటికి బదులు పోసేది ఉప్పునీరు కాదు, ఉప్పు లేని శుద్ధజలం. ఇది తెలిసినవారు కూడా పొరపడేది ఆ శుద్ధజలం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న దగ్గర. వేసవిలో మన ఇళ్లకు ఒక రోజు మున్సిపల్ కుళాయి నీళ్లు, మరో రోజు బోరు నీళ్లు, ఇంకో రోజు ట్యాంకరు నీళ్లు వస్తాయి, ఏ రోజు నీటి గుణం ఆ రోజుదే. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 600 ఉన్న బోరు నీటిని రోజుకు లీటరున్నర చొప్పున రెండు నెలలు పోస్తే, సముద్రపు నీటి పాళ్లతో సంబంధం లేని 54 గ్రాముల లవణాలు ట్యాంకులో పేరుకుంటాయి. వీధి చివర ప్లాంటులో నింపే 20 లీటర్ల క్యాను నీరు తాగడానికి బాగుంటుంది గాని, రుచి కోసం అందులో కొంత లవణాన్ని మిగల్చడమో కలపడమో జరుగుతుంది. ఇంట్లోని ఆర్‌ఓ యంత్రం సంగతీ అంతే, చాలా యంత్రాల్లో చివరి గొట్టంలో ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జి ఉంటుంది, కొన్ని రకాల్లో రాగి కూడా కలుపుతారు. రాగి మనుషులకు మంచిదని నమ్మి తాగుతున్నాం సరే, పగడాలకూ రొయ్యలకూ నత్తలకూ అది విషం. చాలా స్వల్ప మోతాదులో కూడా వాటిని చంపుతుంది.

అందువల్ల ఆర్‌ఓ పొర దాటిన వెంటనే, ఖనిజాల కార్ట్రిడ్జికి ముందే నీటిని మళ్లించి, దాన్ని మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపినప్పుడే పట్టుకోవాలి. ఆ నీటిని రాగి బిందెలోనో ఇత్తడి గుండిగలోనో నిలవ చేయకూడదు, ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్ డబ్బాలే వాడాలి. ఏసీ గొట్టం నుంచి కారే నీరు స్వచ్ఛమైనదని పట్టి పోసేవారు ఉన్నారు. ఆ నీరు ఏసీలోపలి లోహపు చుట్టల మీద గడ్డకట్టిన దుమ్మును కడుక్కుంటూ వస్తుంది, ఆ చుట్టలు ఎక్కువగా రాగివే. దాన్ని మొక్కలకు పోయండి, ట్యాంకుకు వద్దు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిని మాత్రం ఎండాకాలంలో పారబోయకుండా ఇల్లు తుడవడానికి పట్టుకోవడం ధర్మం.

నీటి మార్పిడికి ఉప్పు నిలవ కూడా ఈ నెలలోనే తెచ్చుకోవాలి. తీర ప్రాంతం నుంచి కల్లుప్పు తెప్పించి వాడితే సరిపోతుందని అనుకోవడం పెద్ద పొరపాటు. ఉప్పు మడిలో సముద్రపు నీరు ఆవిరయ్యేటప్పుడు కాల్షియం లవణాలు ముందుగా అడుగుకు చేరతాయి, మెగ్నీషియం చివర మిగిలే చేదు ద్రవంలో ఉండిపోతుంది, మధ్యలో గట్టిపడేది ప్రధానంగా సోడియం క్లోరైడు. పగడానికి కావలసినవన్నీ అందులోంచి తప్పుకున్నాయన్నమాట. పులికాట్ వైపు నుంచి నీరు తెచ్చుకోవడమూ మంచిది కాదు, నదుల నీరూ వానల నీరూ కలిసే చోట ఉప్పు నెలనెలకు మారుతుంది. రీఫ్ ట్యాంకుల కోసం తయారుచేసిన ఉప్పునే కొని, నీటిలో ఉప్పు వేస్తూ కలపాలి గాని ఉప్పు మీద నీరు పోయకూడదు. ఒక చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిరగనిచ్చిన తరువాత, ఉప్పూ వేడీ ట్యాంకుతో సమానంగా ఉన్నాయని చూసుకుని, వారానికి ఆరు లీటర్లు మార్చితే చాలు.

ఇక ఆల్కలినిటీ. నీటిలోని ఈ క్షారగుణాన్ని బట్టే పీహెచ్ నిలబడుతుంది, పగడాలు తమ అస్థిపంజరాన్ని కట్టుకుంటాయి. సహజ సముద్రంలో ఇది సుమారు 7 డీకేహెచ్. ఇంటి ట్యాంకులో 7.5 నుంచి 9 మధ్య ఎక్కడ నిలుపుతారన్నది ముఖ్యం కాదు, నిలిపిన చోట నిలపడమే ముఖ్యం. వేసవిలో వారానికి రెండుసార్లు, ఒకే వేళకు కొలవాలి. ఏపీఐ కంపెనీ పరీక్ష కిట్టుతో కొలిచేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది: ఐదు మిల్లీలీటర్ల నీటిలో నీలం పోయి పసుపు వచ్చేదాకా ఒక్కొక్క చుక్క వేస్తాం, ఒక్కో చుక్క ఒక్కో డీకేహెచ్. ఆ చివరి చుక్కకు రంగు ఆకుపచ్చ దగ్గర తటపటాయిస్తుంది, గొట్టాన్ని మూతపెట్టి తిప్పి తెల్ల కాగితం ముందు పట్టుకుని చూడాలి. పది మిల్లీలీటర్ల నీరు తీసుకుంటే ఒక్కో చుక్క అర డీకేహెచ్‌కు లెక్క, అప్పుడు చిన్న మార్పు కూడా తెలుస్తుంది. ఈ సీసాలను కిటికీ పక్కనో ట్యాంకు దీపం పైనో ఉంచితే వేడికి రసాయనం చెడి అబద్ధం చెబుతుంది కాబట్టి, చల్లని చీకటి అలమారలో పెట్టాలి.

ఆల్కలినిటీ తగ్గినప్పుడు వంట సోడా సరిపోతుంది. 60 లీటర్లకు 1.8 గ్రాముల వంట సోడా ఒక డీకేహెచ్ పెంచుతుంది. రోజుకు అంతకు మించి పెంచకూడదు. దాన్ని శుద్ధజలంలో పూర్తిగా కరిగించి, నీరు జోరుగా కదిలే చోట మెల్లగా పోయాలి. వంట సోడా అన్నాను, బేకింగ్ పౌడరు కాదు. దానిలో ఆమ్లాలూ పిండీ కలిసి ఉంటాయి. పగడాలు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ వాడుకున్నప్పుడు దానితో పాటు సుమారు 20 పీపీఎం కాల్షియం వాడుకుంటాయి గనుక, కాల్షియం ఆల్కలినిటీ కంటే నెమ్మదిగా తగ్గుతుంది, దాన్ని వారానికి ఒకసారి కొలిస్తే చాలు. మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర ఉంటే మంచిది. అది బాగా పడిపోయిన ట్యాంకులో కాల్షియమూ ఆల్కలినిటీ రెండూ కలిసి సున్నపు పొడిగా అవక్షేపమై పంపుల మీదా హీటరు మీదా తెల్లగా పేరుకుంటాయి. నీరు వేడెక్కే కొద్దీ ఆ ధోరణి పెరుగుతుంది.

కాల్షియం, ఆల్కలినిటీ అందించడానికి సున్నపు తేట వాడేవారికి వేరుగా హెచ్చరిక చేయాలి, ఎందుకంటే చలికాలంలో ఎంతో చక్కగా నడిచిన పద్ధతి ఎండాకాలంలో ట్యాంకును నాశనం చేస్తుంది. ఆవిరైన నీటిని దానంతట అదే నింపే ఆటో టాప్ ఆఫ్ పరికరం పెట్టి, దాని డబ్బాలో కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపిన తేటను ఉంచితే, ఆవిరైనంత తేట ట్యాంకులోకి వెళుతుంది. చలికాలంలో రోజుకు 400 మిల్లీలీటర్లు వెళ్లేటప్పుడు అది 0.8 డీకేహెచ్ కన్నా తక్కువ ఇస్తుంది. ఫ్యాను తిరిగే రోజుల్లో లీటరున్నర వెళితే, బలమైన తేట అయినప్పుడు, రోజుకు దాదాపు 2.9 డీకేహెచ్ చేరుతుంది. ఆ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది కనుక ట్యాంకు పీహెచ్ కూడా ఎగబాకి, నీరు పాలలా తెల్లబడుతుంది. కాబట్టి ఉగాదికి ముందే ఆ డబ్బాను మామూలు శుద్ధజలానికి మార్చి, సున్నపు తేటను విడిగా కొలిచి రాత్రివేళ చుక్కలు చుక్కలుగా వేసుకోవాలి. తాంబూలంలోకి వాడే సున్నం దీనికి పనికిరాదు, అందులో ఏమి కలిసి ఉంటాయో తెలియదు.

పీహెచ్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: దాన్ని పెంచడానికి సీసా మందులు కొనవద్దు. వడగాలికి భయపడి తలుపులు, కిటికీలు మూసి ఏసీ వేసుకున్న గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడు పెరుగుతుంది, అది నీటిలో కరిగి తెల్లవారుజామున పీహెచ్ 7.8 దగ్గరికి దిగుతుంది. ఆల్కలినిటీ సరిగా ఉంటే ఆ దిగుదల వల్ల ప్రాణాపాయం లేదు. గాలి చల్లబడిన రాత్రి పది తరువాత కాసేపు కిటికీ తెరిస్తే, పగడాలకు ఎలాగూ అదే మేలు, ఇంట్లో ఉండేవారికి కూడా మంచిదే.

వేడిని తగ్గించడానికి ఫ్యానే మన ఊరికి తగిన సాధనం. 100 మిల్లీలీటర్ల నీరు ఆవిరైతే 60 లీటర్ల నీరు సుమారు ఒక డిగ్రీ చల్లబడుతుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే తిరుపతి వేసవిలో ఈ పద్ధతి, ఉక్కపోత ఉండే చెన్నైలో కన్నా ఎంతో మెరుగ్గా పనిచేస్తుంది. నీటిని 26 డిగ్రీల దగ్గర పట్టడం కష్టమైతే 27 దగ్గరే స్థిరంగా ఉంచండి. మధ్యాహ్నం 30, తెల్లవారి 25 అన్న ఊగిసలాట కన్నా అది మేలు. వేడి కొనసాగితే పగడం తన కణజాలంలో ఉండే శైవలాలను (నాచు జాతి సూక్ష్మజీవులను) వెళ్లగొట్టి తెల్లబడిపోతుంది. మంచు సీసా వేసేటప్పుడు ఒక లీటరు గడ్డ పూర్తిగా కరిగితే 60 లీటర్లు దాదాపు రెండు డిగ్రీలు దిగుతాయని గుర్తుంచుకుని, అర లీటరు సీసాలే, మూత బిగించి, గంట గంటకు వేడి చూసుకుంటూ వేయాలి.

వేడినీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు 6.8 మిల్లీగ్రాముల దాకా ఉండేది 30 డిగ్రీల వద్ద 6.2కు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా లేకపోతే మిగిలిన ఖర్చంతా వృథా. కానిస్టర్ ఫిల్టరు (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టరు) ఉన్నవారు, కరెంటు కొన్ని గంటల పాటు పోయినప్పుడు అందులో నిలిచి కుళ్లిన నీటిని పారబోసి కడిగిన తరువాతనే మళ్లీ నడపాలి. ఈ రెండు నెలలూ మేత తగ్గించండి, కొత్త చేపలను తేవద్దు. చనిపోయిన నత్త ఒకటి రాయి వెనక ఉండిపోయినా అమోనియా పెరుగుతుంది, పీహెచ్‌తో పాటు వేడి కూడా పెరిగేకొద్దీ అదే అమోనియాలో విషభాగం ఎక్కువవుతుంది. నైట్రేటు 2 నుంచి 10 పీపీఎం మధ్య ఉంటే దాన్ని సున్నాకు తేవాలని పట్టుపట్టవద్దు.

కొళత్తూరు వంటి చెన్నై బజార్ల నుంచి పగడాలు తెచ్చుకునేవారు ఒక సంగతి మరవకూడదు. మన సముద్రాల్లోని రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టబద్ధంగా వచ్చిందని కాగితం చూపలేని పగడాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో, సెలవులకు ఊరెళ్లినప్పుడు ట్యాంకును ఎవరికో అప్పగించవలసి వస్తుంది. వారికి మందుల సీసాలు అప్పగించవద్దు. గాజు మీద నీటి మట్టానికి ఒక టేపు ముక్క అంటించి, రోజువారీ నీటిని విడివిడి సీసాల్లో పోసి, గీత కన్నా నీరు దిగితే ఒక సీసా మాత్రమే పోయమని చెప్పి, మేతను కూడా రోజుకొక పొట్లంగా కట్టి ఇవ్వాలి. రోహిణి కార్తె దాటి తొలకరి పడ్డ రోజున గాలిలో తేమ పెరిగి ఆవిరి ఒక్కసారిగా తగ్గుతుంది కనుక, ఆ రోజు నుంచి అలవాటుగా సీసా నీళ్లు పోయకుండా గీతను చూసి పోయాలి, ఫ్యాను వేగాన్ని రెండు మూడు రోజుల్లో మెల్లగా తగ్గించుకోవాలి.