కెమెరా కదిలితే బొమ్మ మసకబారడం: టీఏఏను ఉంచుకునే సరిచేసిన తీరు (నా అనుభవం)

హనుమకొండలో మా ఇంటి కంప్యూటరుకు ఉన్నది 1920×1080 మానిటరు. కొత్త ఆటల్లో కెమెరా నిలకడగా ఉన్నంతసేపు బొమ్మ బాగానే ఉండేది గాని, పాత్ర పరుగందుకోగానే గడ్డి, ఆకులు, దూరపు కరెంటు తీగలు అలుక్కుపోయేవి. డ్రైవరు, కేబుల్ మార్చడం, ఎఫ్‌ఎక్స్‌ఏఏ (అంచులను నునుపు చేసే మరో పద్ధతి) పెట్టడం, అంచులను నునుపు చేసే యాంటీ అలియాసింగే పూర్తిగా తీసేయడం, ఏదీ అక్కరకు రాలేదు.

టీఏఏ (టెంపోరల్ యాంటీ అలియాసింగ్) ఒక్కో ఫ్రేమును, అంటే తెరపై వరుసగా వచ్చే ఒక్కో బొమ్మను, వెనుకటి ఫ్రేముల సమాచారంతో కలిపి అంచుల్లోని రంపపు పళ్లను నునుపు చేస్తుంది కనుక, కదలికలో ఆ సమాచారం సరిగా కుదరని చోట మసక వస్తుంది. అయినా దాన్ని తీసేస్తే జుట్టు, ఆకులు చుక్కలు చుక్కలుగా మిణుకుమంటాయి. ఇప్పటి ఆటలు చాలావరకు టీఏఏ ఉంటుందనే లెక్కతోనే తయారవుతున్నాయి. అందుచేత దాన్ని ఉంచి, ముందుగా మోషన్ బ్లర్ (కదలికకు కావాలనే మసక చేర్చే ఎఫెక్టు) ఆపి, తర్వాత రెజల్యూషన్ స్కేల్‌ను (ఆట లోపల బొమ్మను గీసే కొలతను) 100 నుంచి 125 శాతానికి పెంచాను. అసలు పని చేసింది ఇదే. అడ్డంగానూ నిలువుగానూ పెరగడం వల్ల గ్రాఫిక్స్ కార్డు గీయవలసిన పిక్సెళ్లు దాదాపు 1.56 రెట్లయి ఫ్రేముల వేగం పడిపోయింది. నీడల నాణ్యతను, వాల్యూమెట్రిక్ పొగమంచును ఒక్కో స్థాయి దించి, సెకనుకు 60 ఫ్రేముల వద్ద పరిమితి పెట్టాక ఆట మళ్లీ నిలకడగా నడిచింది. చివరగా షార్పెనింగ్‌ను (అంచులను పదునుగా చూపే అమరికను) కొద్దిగా పెంచాను. మరీ పెంచితే తీగల చుట్టూ తెల్లని గీతలు తేలుతాయి.

ఇక్కడి మే ఎండల్లో మాత్రం ఫ్యాను హోరు భరించాల్సిందే. ఇప్పటికే పూర్తి భారంతో నడుస్తున్న కార్డుకు ఈ దారి పనికిరాకపోవచ్చు. 4కే మానిటరు ఉన్నవారికి బహుశా దీని అవసరమే రాదు.