కరెంటు పోయింది కదా అని చెయ్యి పెట్టకండి

మొన్న మా పక్క ఊరి రైస్ మిల్లులో ఒక కుర్రాడికి కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. ధాన్యాన్ని బెల్టుకున్న బకెట్లతో పైకి ఎక్కించే ఎలివేటర్ అడుగున తడి ధాన్యం ముద్దకట్టింది. అదే సమయానికి కరెంటు పోయింది. తలుపు తీసి చేత్తో లాగుతున్నాడు. కరెంటు వచ్చేసింది.

సార్వా కోతలు మొదలయ్యాయి. మండపేట నుంచి తణుకు దాకా మిల్లులు ఇక రాత్రీపగలూ తిరుగుతాయి. మిల్లు మోటార్లు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. తిరిగే మిషన్‌లో ఎవరూ కావాలని చెయ్యి పెట్టరు. నేను చూసిన చేతులన్నీ ఆగి ఉన్న మిషన్‌లో పోయినవే.

కరెంటు పోవడం వేరు, మెయిన్ స్విచ్ ఆపడం వేరు.

మోటార్‌ని స్టార్ట్ చేసే స్విచ్ పెట్టె, అంటే స్టార్టర్, సరిగ్గా ఉంటే కరెంటు పోగానే ఆఫ్ అయిపోతుంది, మళ్లీ బటన్ నొక్కేదాకా మోటార్ లేవదు. మాటిమాటికీ నొక్కలేక కొందరు అది ఆఫ్ కాకుండా పుల్ల గుచ్చి ఉంచుతారు. అక్కడ కరెంటు రావడమే ఆలస్యం, మోటార్ లేస్తుంది. మామూలు మోటార్ నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధే ఉండదు.

మెయిన్ దించండి. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. లోపల చెయ్యి పెట్టేవాడి జేబులోనే, మేస్త్రీ జేబులో కాదు. "ఎవడ్రా మెయిన్ ఆపింది?" అంటూ ఇంకొకడు వచ్చి లేపడం కళ్లారా చూశాను.

మెయిన్ ఆపినా ఎలివేటర్‌లో ప్రమాదం మిగిలే ఉంటుంది. ఎక్కేవైపు బకెట్ల నిండా ధాన్యం, దిగేవైపు ఖాళీ. అడుగున ముద్ద వదలగానే ఆ బరువుకు బెల్టు వెనక్కి జారుతుంది. బెల్టు కదలకుండా బిగించాకే, అదీ ఇనుప కొక్కెంతో లాగండి.

తిరిగే రోలర్ దగ్గర గ్లౌజులు వద్దు, ముందు గ్లౌజు చిక్కుకుంటుంది, వెనకే చెయ్యి పోతుంది. మెడలో తువ్వాలు వద్దు. ఉంగరం, కడియం తీసెయ్యండి. గార్డు బిగించకుండా స్టార్ట్ చెయ్యొద్దు. రాత్రిపూట ఒక్కరే ఎలివేటర్ గుంటలోకి దిగొద్దు. చిన్నపిల్లల్ని మిషన్ దగ్గరికి రానివ్వొద్దు. స్టార్టర్‌లో పుల్ల కనిపిస్తే పీకి పారెయ్యండి, ఓనరు తిట్టినా సరే. కరెంటు పోయిందా, మెయిన్ దించండి. ఒక్క నిమిషం పనే అయినా దించండి.

వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్లలో ఉంచండి. ఐసు నేరుగా తగిలితే ముక్క పాడవుతుంది. ఆ కుర్రాడి వేళ్లను ఐసుగడ్డల మీదే పెట్టి పట్టుకెళ్లారు.